తల్లిపాలకు తోడు నిలిచిన దేశము

శిశువు పుట్టిన గంటలోపల ముర్రుపాలు పట్టవలెననియు, ఆరు నెలలు నిండువరకు మంచినీరైనను పోయక చనుబాలనే యియ్యవలెననియు, పిదప తగిన యాహారముతో గూడ రెండేండ్ల వరకును, అటుమీదను స్తన్యము మానరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నను, ఆరు నెలలలోపు పసికందులలో కేవలము తల్లిపాలతోడనే పెరుగువారు లోకము మొత్తముమీద ఇంచుమించు సగముమందియే. ఇందుకు తల్లులను తప్పుపట్టువారు బ్రెజిల్ దేశచరిత్రమును పరికింపవలెను.

1974-75 నాటికి ఆ దేశమున సగముమంది బిడ్డలు మూడు నెలలైన నిండకయే చనుబాలకు దూరమగుచుండిరి. పల్లెలు విడిచి పట్టణముల మురికివాడలు చేరిన తల్లులకు పసిబిడ్డను ఇంట దిగవిడిచి పనికి పోక తప్పలేదు. ప్రసూతిశాలలు పుట్టిన బిడ్డను వేరొక గదిలో నుంచెడివి. డబ్బాపాల ప్రకటనలు, తమ పాలు బిడ్డకు చాలవేమో యను శంకను ఆ తల్లుల మనస్సులలో నాటెడివి. కొన్న డబ్బా మరి నాలుగు దినములు వచ్చుటకై పొడి తగ్గించి, వాడలోని కలుషితజలమును కలిపి సీసాతో పట్టగా, అతిసారము పాలై శుష్కించిన పసివారి వేదన వర్ణింప నలవికానిది. రోగములను ప్రతిఘటించు ద్రవ్యములు చనుబాలయందున్నట్లు ఆ పొడియందు లేవు.

1981లో ప్రభుత్వము స్తన్యపాన ప్రోత్సాహమునకు జాతీయ కార్యక్రమము నారంభించెను. 1988 నాటి రాజ్యాంగము వేతనముతోడి ప్రసూతి సెలవును 120 దినములు చేసెను. ఆ యేడే డబ్బాపాల ప్రచారమునకు కట్టుబాట్లు విధింపబడెను. ఆసుపత్రులలో బిడ్డ క్రమముగా తల్లిప్రక్కకు చేరెను. సెయరా రాష్ట్రమున ఉత్తరములు పంచు తపాలా బంట్రోతులే గడపగడపకు పోయి బాలింతలకు ధైర్యము చెప్పిరి.

నాకు మిక్కిలి పూజ్యముగ తోచునది అచ్చటి తల్లిపాల బ్యాంకుల యేర్పాటు. 1943లో రియో నగరమున మొదలైన యీ సంస్థలు నేడు ఆ దేశమున రెండువందలకు పైబడినవి. తన బిడ్డ త్రాగగా మిగిలిన పాలను పిండి, కాఫీపొడి వచ్చిన గాజుసీసాను మరగించి శుభ్రపరచి, అందు నింపి యొక తల్లి యుంచగా, రాజధానియందు అగ్నిమాపక దళమువారు ఇంటికి వచ్చి కొనిపోవుదురు. ఆ పాలను 62.5 డిగ్రీల వేడిమియందు అరగంట యుంచి, నెలలు నిండక పుట్టిన, ఎవరి బిడ్డయో తెలియని శిశువునకు పట్టుదురు.

2006 నాటికి సగముమంది బిడ్డలు పదకొండు నెలలు దాటియు తల్లిపాలు త్రాగుచుండిరి. శిశుమరణములు తగ్గుటలో టీకాలకును, రక్షితజలమునకును భాగమున్నను, తల్లిపాల వంతు తక్కువది కాదు. అయినను ఆరు నెలలు చనుబాలతోడనే పెరుగువారు 2019లోను సగమునకు చేరలేదు. ఏ పద్దులోను పేరెక్కక పరుల యిండ్లలో పనిచేయు తల్లులకు ఆ 120 దినముల సెలవు ఇంకను అందలేదు.