బీచ్‌లో కుక్కకు ఓ చోటు, ఓ వేళ

సెలవులకు సముద్రం చూడ్డానికి బయల్దేరే కుటుంబాల్లో ఇప్పుడు కుక్కకూ చోటు ఉంటోంది. పక్కింటివాళ్లకు అప్పగించి వెళ్లడానికి మనసొప్పదు, కెన్నెల్‌లో వదిలితే తిండి మానేస్తుందని బెంగ. రైల్లో తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తంగా బుక్ చేసుకోవాలి, లేదా గార్డు బోగీలో ఉండే డాగ్ బాక్సులో పంపాలి. ఆ అవస్థ పడలేనివాళ్లు హైదరాబాద్ నుంచి విశాఖకో, బాపట్ల దగ్గరి సూర్యలంకకో కారు తీస్తారు. అమెరికాలో, బ్రిటన్‌లో స్థిరపడిన మనవాళ్లకు ఇంత తిప్పలు లేవు. అక్కడ 'డాగ్ ఫ్రెండ్లీ బీచ్' అన్న బోర్డులు చాలా తీరాల్లో కనిపిస్తాయి. ఆ మాట వినగానే లీష్ విప్పేసి, ఎప్పుడంటే అప్పుడు, ఎటు పడితే అటు కుక్కను పరిగెత్తనిచ్చే ఇసుకతీరం మన కళ్ల ముందు మెదులుతుంది. అలాంటి బీచ్‌ల్లో పేరున్నవాటి పద్ధతులు కాస్త పరిశీలిస్తే మాత్రం వేరే సంగతి తెలుస్తుంది. కుక్క ఎక్కడి దాకా వెళ్లొచ్చు, ఏ వేళల్లో వెళ్లొచ్చు, ఎలా వెళ్లాలి అన్నది కచ్చితంగా చెప్పిన చోటే కుక్కలకు ఏళ్ల తరబడి స్వేచ్ఛ నిలిచింది. హద్దు గీయడం కుక్కల మీద కక్షతో చేసే పని అని చాలామంది యజమానులు అనుకుంటారు. కుక్కలను సముద్రానికి తీసుకెళ్లే వీలు కలకాలం ఉండాలంటే ముందు కావలసింది ఆ హద్దే అని నా వాదన.

కాలిఫోర్నియాలోని శాన్ డియేగో ఇందుకు మంచి ఉదాహరణ. ఓషన్ బీచ్ అనే పేటలో, నది సముద్రంలో కలిసే చోట, 1972 నుంచి కుక్కలను లీష్ లేకుండా వదిలే తీరం ఉంది. పేరే డాగ్ బీచ్. పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది. అదే నగరంలో మిగతా బీచ్‌లకు వెళ్తే లెక్క మారిపోతుంది. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు, చలికాలంలో ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు అక్కడ కుక్కలకు ప్రవేశం లేదు. ఆ వేళలు దాటాక తీసుకెళ్లొచ్చు గానీ లీష్ తప్పనిసరి. అక్కడికి కొద్ది దూరంలోని డెల్ మార్ ఊరు ఋతువును బట్టి విభజించుకుంది. దాని ఉత్తరపు బీచ్‌లో సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే మర్నాటి నుంచి జూన్ 15 వరకు కుక్కలు స్వేచ్ఛగా తిరగొచ్చు, జనం ఎక్కువగా వచ్చే వేసవి నెలల్లో మాత్రం లీష్ ఉండాలి. ఇంగ్లండ్‌లో మే నుంచి సెప్టెంబరు చివరి వరకు చాలా బీచ్‌ల్లో కుక్కలను రానివ్వరు, మిగతా నెలలన్నీ వాటివే. 2014లో వచ్చిన చట్టం కింద స్థానిక కౌన్సిళ్లు ఈ ఉత్తర్వులు ఇస్తాయి. ఒక ఉత్తర్వు మూడేళ్లకు మించి చెల్లదు, మళ్లీ జనాన్ని సంప్రదించాకే పొడిగించాలి. కుక్కలున్నవాళ్లూ లేనివాళ్లూ మూడేళ్లకోసారైనా తమ వాదన వినిపించుకునే వీలుందన్న మాట. చూపులేనివాళ్లకు దారి చూపే కుక్కలకు ఈ నిషేధాలు సాధారణంగా వర్తించవు.

ఇన్ని వేళలు, ఇన్ని గీతలు దేనికి? మొదటి కారణం నీళ్లు. ఇంగ్లండ్‌లో మే 15 నుంచి సెప్టెంబరు 30 వరకు అధికారికంగా స్నానాల కాలం. ఆ రోజుల్లో సముద్రపు నీటి నమూనాలు తీసి, మలం వల్ల చేరే బ్యాక్టీరియా ఎంతుందో పరీక్షిస్తారు. కుక్కల నిషేధం కూడా దాదాపు అవే నెలల్లో ఉండడం కాకతాళీయం కాదు. అమెరికాలో మయామీ దగ్గర కుక్కలను అనుమతించే ఒక బీచ్‌లో ఏ జంతువు వల్ల ఎంత కాలుష్యం చేరుతోందో శాస్త్రవేత్తలు లెక్కగట్టి 2009లో ప్రచురించారు. ఎంటరోకాకస్ అనే బ్యాక్టీరియాను వాళ్లు కొలమానంగా తీసుకున్నారు, నీరు స్నానానికి పనికొస్తుందో లేదో తేల్చేది దాన్ని బట్టే. కుక్క ఒక్కసారి విసర్జించిన మలంతో చేరే బ్యాక్టీరియా, పక్షులు 6,940 సార్లు రెట్ట వేస్తే చేరేదానికి సమానమని తేలింది. జంతువుల వల్ల చేరే కాలుష్యంలో అక్కడ పెద్ద వాటా కుక్కలదే. చేతిలో సంచి ఉంచుకుని వెంటనే ఎత్తేసే యజమాని ఈ లెక్కను ఒక్కడే తలకిందులు చేయగలడని కూడా దీన్నుంచి అర్థం చేసుకోవచ్చు.

ఎత్తకుండా కాలితో ఇసుక కప్పేసి వెళ్లిపోయేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. కంటికి కనిపించకపోతే శుభ్రమైనట్టే అనుకుంటారు. మనలాంటి వేడి, తేమ ఉన్న తీరాల్లో అది మరీ చెడ్డ పని. కుక్క పేగుల్లో ఉండే కొంకి పురుగుల గుడ్లు మలంతో బయటపడతాయి. నీడ, చెమ్మ, వెచ్చదనం దొరికితే చాలు, ఇసుకలో లార్వాలుగా మారతాయి. మనం కప్పిన ఇసుక వాటికి ఆ మూడూ సమకూరుస్తుంది. చెప్పుల్లేకుండా నడిచేవాళ్ల పాదాల్లోంచి, ఇసుకలో కూర్చుని గూళ్లు కట్టే పిల్లల తొడల్లోంచి అవి చర్మంలోకి దూరతాయి. మనిషి ఒంట్లో లోతుకు వెళ్లలేక చర్మం కిందే పాకుతుంటే, ఆ దారి పొడవునా ఎర్రగా, వంకర టింకరగా ఒక గీత తేలుతుంది, దురదతో రాత్రిళ్లు నిద్ర పట్టదు. మందుతో నయమవుతుంది, ప్రాణానికి ముప్పేం లేదు. కానీ ప్రయాణానికి ముందు కుక్కకు నులిపురుగుల మందు వేయించి, బీచ్‌లో మలం ఎత్తేస్తే మీ కుక్క వల్ల ఆ బాధ ఎవరికీ రాదు.

రెండో కారణం పిట్టలు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే యజమానులు అంత తేలిగ్గా ఒప్పుకోని విషయం ఇదే. కాలిఫోర్నియా తీరంలో స్నోయీ ప్లోవర్ అనే చిన్న పిట్ట ఉంటుంది. అరచేతిలో ఇమిడిపోతుంది, రంగు అచ్చం ఎండిన ఇసుకలా ఉంటుంది. ఇసుకలోనే చిన్న గుంట చేసి, చుక్కల చుక్కల గుడ్లు మామూలుగా మూడు పెడుతుంది. పక్కనే నిలబడినా మన కంటికి ఆనవు. పశ్చిమ తీరంలో వీటి సంఖ్య తగ్గిపోవడంతో 1993లో అమెరికా ప్రభుత్వం వీటిని ముప్పులో ఉన్నవాటి జాబితాలో చేర్చింది. శాంటా బార్బరా దగ్గరి ఒక బీచ్‌లో చేసిన పరిశోధన 2001లో వెలువడింది. జనం తిరిగే చోట ఈ పిట్టలకు కలిగే అలజడి, రక్షణ ఉన్న బీచ్‌ల కంటే 16 రెట్లు ఎక్కువని అందులో తేలింది. వారాంతాల్లో సగటున 27 నిమిషాలకోసారి ఒక్కో పిట్ట ఉన్నచోటు నుంచి లేవాల్సి వస్తోంది. లీష్ లేని కుక్కల వల్ల కలిగే అలజడి వాటి సంఖ్యతో పోలిస్తే చాలా ఎక్కువ. మనిషిని చూసి పక్కకు నడిచి తప్పుకునే పిట్ట, కుక్కను చూస్తే ఎగిరిపోతోంది. బీచ్ మొత్తం మూసేయమని ఆ పరిశోధకుడు అడగలేదు. కుక్కలను ఆపి, 400 మీటర్ల తీరం చుట్టూ 30 మీటర్ల మేర ఖాళీ వదిలితే చాలునని, జనం సరదాకు పెద్దగా లోటు రాకుండానే పిట్టలకు ఎక్కువ మేలు జరుగుతుందని లెక్కవేసి చెప్పాడు. పిట్టలు విశ్రమించే భాగం వైపు జనం నడవకుండా అక్కడ అడ్డు కట్టాక అలజడి సగానికి పైగా తగ్గింది. అంతకుముందు గుడ్లు పెట్టడమే మానేసిన చోట పిట్టలు మళ్లీ పిల్లలను చేశాయి, ఏటికేడు వాటి సంఖ్య పెరిగింది.

"మా కుక్క చాలా సాధువండీ, ఈగను కూడా ఏమీ అనదు" అనే యజమాని మాట అబద్ధమేం కాదు. అది నిజంగానే సాధు జంతువు కావచ్చు. కానీ గూట్లో కూర్చున్న పిట్టకు దాని స్వభావం తెలిసే దారి లేదు. ఆ ఆకారం, ఆ పరుగు, నేలను వాసన చూస్తూ తిరిగే ఆ తీరు, అన్నీ దాన్ని వేటాడే జంతువువే. కరవకపోయినా, మొరగకపోయినా పిట్ట లేచిపోతుంది, ఎండలో గుడ్లు కాగిపోతాయి, మేత దొరికే సమయం తరిగిపోతుంది. ఇంకో అభ్యంతరం కూడా తరచూ వినిపిస్తుంది. సముద్రంలోకి మురుగు వదిలేది మనుషులు, ప్లాస్టిక్ పారేసేది మనుషులు, నోరులేని కుక్క మీద ఈ ఆంక్షలేమిటి? ఇందులో న్యాయం ఉంది. కుక్కలకు వేళలు పెట్టే పురపాలక సంస్థ తన మురుగు కాలువల సంగతి పట్టించుకోకపోతే నిలదీయాల్సిందే. అయితే ఒక తప్పును చూపించి ఇంకో తప్పు చేయడానికి అనుమతి అడగలేం. మురుగు శుద్ధికి కోట్లు కావాలి, ఏళ్లు పడుతుంది. కుక్క మలం ఎత్తడానికి ఒక సంచి చాలు, ఇవాళే ఎత్తొచ్చు.

ఈ వేళల వల్ల కుక్కకు కూడా మేలే. మధ్యాహ్నం ఇసుక మీద మన అరచేయి కాసేపు ఆనించలేనంత వేడి ఉంటే దాని పాదాలకూ అంతే. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఒగర్పుతో ఒంటి వేడి తగ్గించుకోవడం కష్టం, ఎండదెబ్బ త్వరగా తగులుతుంది. దాహంతో ఉప్పునీళ్లు తాగేస్తే వాంతులు, విరేచనాలు, ఉప్పు మోతాదు మించితే ప్రాణాపాయం. ఆడుకుంటూ బంతితో పాటు మింగే ఇసుక పేగుకు అడ్డం పడిన సందర్భాలూ పశువైద్యులు చూస్తుంటారు. మన తీరాల్లో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. వల విదిల్చిన చోట జాలర్లు పనికిరావని పారేసిన చేపల్లో, ఒళ్లు ఉబ్బించుకునే పఫర్ చేపలు ఉండొచ్చు. వాటి విషానికి విరుగుడు మందు లేదు. చల్లటి వేళ, దగ్గరగా పట్టుకున్న లీష్, వెంట తెచ్చుకున్న మంచినీళ్లు ఉంటే ఇవన్నీ దాదాపు తప్పుతాయి.

మన దగ్గరికి వస్తే ప్రశ్న మరింత జటిలం. శుభ్రంగా, భద్రంగా ఉన్న బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపును 2020లో దేశంలో మొదటిసారి పొందిన ఎనిమిది బీచ్‌ల్లో విశాఖలోని రుషికొండ ఒకటి. కుక్కలు, ఇతర పెంపుడు జంతువుల రాకపోకలను గట్టిగా అదుపులో ఉంచాలన్నది ఆ గుర్తింపు నిబంధనల్లో ఉంది. 2025 మొదట్లో ఆ గుర్తింపు తాత్కాలికంగా పోయి, మళ్లీ వచ్చింది. పోవడానికి కారణాలుగా బయటికొచ్చినవాటిలో నిర్వహణ లోపాలతో పాటు వీధికుక్కల సంచారం కూడా ఉంది. ఇక్కడే పెంపుడు కుక్కల యజమానులు అడుగుతారు: ఊరకుక్కలు రోజంతా గుంపులుగా తిరిగే బీచ్‌లో మా ఒక్క కుక్కకు లీష్ కడితే ఒరిగేదేమిటి? మొట్టమొదట ఒరిగేది ఆ కుక్కకే. ఊరకుక్కలకు తమ హద్దుల మీద పట్టు ఎక్కువ, కొత్త కుక్క వదులుగా పరిగెడితే మీద పడతాయి. రేబిస్, పార్వో, డిస్టెంపర్ టీకాలు వేయించకుండా మన బీచ్‌ల్లోకి కుక్కను తేవడం సాహసమే. ఊరకుక్కలకు సంతాన నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు చేయించే బాధ్యత స్థానిక సంస్థలది, దాని కోసం పోరాడాలి. అది పూర్తయ్యేదాకా మన కుక్కను కూడా వదిలేస్తామంటే ఉన్న సమస్యకు మరొకటి కలిపినట్టే.

విదేశాల వేళలను ఉన్నవున్నట్టు తెచ్చి ఇక్కడ పెట్టినా కుదరదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా విశాఖ, బాపట్ల, కృష్ణా తీరాలకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట వచ్చి, ఇసుకలో గొయ్యి తీసి ఒక్కోటి వంద పైచిలుకు గుడ్లు పెట్టి వెళ్తాయి. కుక్కలు, నక్కలు తవ్వి తినేస్తాయి కాబట్టి అటవీశాఖ సిబ్బంది తెల్లవారకముందే తాబేలు పాకిన జాడలు వెతికి, గుడ్లు ఎత్తి హ్యాచరీలకు చేరుస్తారు. కాలిఫోర్నియాలో కుక్కలకు అనువైనదని వదిలిన తెల్లవారుజాము, ఈ నాలుగు నెలల్లో మన తీరంలో అన్నిటికన్నా అనువుకాని వేళ. వాసన పసిగట్టే ముక్కు పెంపుడు కుక్కకూ ఉంటుంది, తవ్వే కాళ్లూ ఉంటాయి. కాబట్టి తాబేళ్ల కాలంలో కుక్కను ఇసుక మీదికి దింపకుండా, బీచ్ రోడ్డు ఫుట్‌పాత్ మీద లీష్‌తో నడిపించడమే సరైనది. జూన్ నుంచి డిసెంబరు వరకు ఆ ఇబ్బంది లేదు.

వేళలు పంచుకోవడం విశాఖకు కొత్త కూడా కాదు. పొద్దున్నే నడకకు వచ్చేవాళ్ల కోసం ఆర్కే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేయడం, తర్వాత వదలడం ఆ ఊరికి అలవాటే. అదే పద్ధతిలో హ్యాచరీలకు దూరంగా ఉన్న ఏదో ఒక ముక్కను, నాలుగైదు వందల మీటర్లు, జూన్ నుంచి డిసెంబరు వరకు ఉదయం రెండు గంటలు, సాయంత్రం ఒక గంట కుక్కలకు కేటాయించి చూడొచ్చు. కుక్కలంటే భయపడే పిల్లల తల్లిదండ్రులకు ఆ ముక్క ఎక్కడుందో, ఆ వేళ ఏదో ముందే తెలుస్తుంది, వాళ్లు ఇంకో వైపు వెళ్తారు. ఈలోగా ప్రయాణం పెట్టుకున్నవాళ్లు హోటల్ బుక్ చేసేటప్పుడే ఒక విషయం కనుక్కోవాలి. 'పెట్ ఫ్రెండ్లీ' అన్నది గది వరకేనా, ఎదురుగా ఉన్న బీచ్‌కు కూడానా, అక్కడ గుడ్లు పెట్టే చోటేమైనా ఉందా అని. చాలా హోటళ్లలో ఆ మాట గదికే పరిమితం. కేటాయించిన ముక్కకు నగరపాలక సంస్థ పెట్టాల్సిన ఖర్చు కూడా పెద్దదేమీ కాదు. ఇసుక, ఉప్పు కడిగేందుకు ఒక మంచినీటి కుళాయి, మూతున్న చెత్తబుట్ట, సంచుల పెట్టె, వేళలూ హద్దులూ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిన బోర్డు, ఆ మూడు గంటలూ అక్కడ ఉండి నియమం తప్పినవాళ్లకు చెప్పే మనిషి ఒకరు ఉంటే చాలు.