లాగి చూస్తేనే నమ్మకం!

గ్యారేజీలో విమానం కడుతున్నామంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు! అమెరికాలో సగానికి పైగా పని సరదా కొద్దీ సొంతంగా చేసుకుంటే, తనిఖీ చేసి ఎగరనిస్తారు మరి.

బ్యాటరీ నుంచి స్టార్టరుకు వెళ్లే చిటికెనవేలంత వైరుకు రాగి లగ్గు బిగించడం నా వంతు. సోల్డరింగ్ చేస్తే పోలేదా అన్నాను. మావారు వద్దన్నారు. కరిగిన టంకం పోగుల్లోకి పాకి వైరు బిర్రబిగుస్తుందట. ఇంజను అదురుకి సరిగ్గా ఆ అంచు దగ్గరే పోగులు తెగుతాయి. అందుకే నొక్కి బిగించాలి.

సుత్తితో కొట్టే పనిముట్టు వాడాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. గట్టిగా లాగితే లగ్గు ఊడి చేతికొచ్చింది! స్టార్టరు తిప్పేటప్పుడు వందకు పైగా ఆంపియర్లు పారే దారి అది. వదులైతే కాలిపోదూ!

హైడ్రాలిక్ క్రింపరు అరువు తెచ్చాం. మొదట బిగించినదాన్ని అడ్డంగా కోసి చూస్తే పోగుల మధ్య సందే లేదు. అప్పుడు అసలు వైరు పట్టుకున్నాను.