మందు తగిలిందా, షుగరు పడిపోయిందా?

మిరపకో పత్తికో మందు కొడుతున్న మనిషికి ఉన్నట్టుండి ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరిగితే ‘మందు తగిలింది’ అంటారు ఎవరైనా. నిజమే కావచ్చు. కానీ ఆ మనిషి ఇన్సులిన్ వాడుతున్న షుగరు రోగి అయితే ఇంకో అనుమానం కూడా రావాలి. రక్తంలో చక్కెర పడిపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. పొద్దున్నే సూది వేసుకుని, సరిగా తినకుండా చేలో దిగేవారికి ఈ ముప్పు ఎక్కువ. గ్లిమెపిరైడ్ వంటి కొన్ని మాత్రలతోనూ ఇలా జరుగుతుంది. ఒంటి పని వల్ల చక్కెర తగ్గటం పని ఆపాక కూడా గంటల తరబడి సాగుతుంది. ఒక్కోసారి అర్ధరాత్రి నిద్రలో పడిపోతుంది.

దీన్ని ముందే పసిగట్టడానికి దండచేతి వెనకవైపు అంటించుకునే సెన్సర్లు వచ్చాయి. చూడటానికి రూపాయి బిళ్లలా ఉంటుంది. అడుగున వెంట్రుకలాంటి తీగ చర్మం కింద సుమారు అర సెంటీమీటరు లోతున ఉండి, అక్కడి ద్రవంలోని చక్కెరను కొలుస్తుంది. రకాన్ని బట్టి 1 నుంచి 5 నిమిషాలకోసారి ఫోనుకు లెక్క పంపుతుంది. 1999లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి పరికరం మూడు రోజుల లెక్కలు దాచిపెడితే, డాక్టరు తరవాత చూసేవారు. ఇప్పటివి చక్కెర 70కి దిగగానే ఫోనులో గంట మోగిస్తాయి. ఇంటర్నెట్టు అందితే పట్నంలో ఉన్న కొడుకూ తన ఫోనులో చూసుకోవచ్చు.

చేలో చిక్కులు

ఫోను 20, 30 అడుగుల లోపు ఉండాలి. గట్టు మీద క్యారేజీ సంచిలో పెట్టి నాలుగు సాళ్ళు దాటితే గంట మోగదు. చెమటకు జిగురు వదులుతుంది, వీపు పంపు దించేటప్పుడు పట్టీ తగిలి ఊడుతుంది. రాత్రి ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే లేని తగ్గుదల చూపిస్తుంది. రక్తంలో మార్పు చర్మం కింద తెలియటానికి కొన్ని నిమిషాలు పడుతుంది కాబట్టి, ఒంట్లో తేడాగా ఉండి లెక్క మాత్రం బాగుందంటే వేలు గుచ్చి చూసుకోవలసిందే. గుచ్చే ముందు చేతులు సబ్బుతో కడగాలి.

ఎవరికి అవసరం?

ఒక్కో సెన్సరు ఖరీదు వేలల్లో ఉంటుంది, 10 నుంచి 15 రోజులకే దాని పని అయిపోతుంది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఒక్కటే వేసుకునే రైతు దీనికోసం అప్పు చేయటం దండగ. వేలు గుచ్చి చూసే మిషను చాలు. ఇన్సులిన్ వాడుతూ తరచు కళ్ళు తిరిగే వారికి మాత్రం డాక్టరుతో మాట్లాడి, కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక్కటి పెట్టించుకున్నా మేలే. ఏ వేళ పడిపోతున్నదో చూసి డాక్టరు మోతాదు సవరిస్తారు.

సూది మొన తగలకుండానే షుగరు చెబుతాయంటూ గడియారాలు, ఉంగరాలు అమ్ముతున్నారు. వాటిని నమ్మి మోతాదు మార్చితే ప్రాణానికే ముప్పు. అలాంటి వాటిలో దేనికీ అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

పడిపోతే ఏం చేయాలి?

తెలివిలో ఉండి మింగగలిగితే మూడు టీస్పూన్ల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాల తరవాత మళ్ళీ చూసి, 70 దాటకపోతే మరోసారి ఇవ్వాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి.

మందు కొడుతుండగా జరిగితే రెండు అనుమానాలూ ఉంచుకోవాలి. బట్టలు తీసేసి ఒళ్ళు సబ్బుతో కడగాలి. నోట చొంగ, కంట నీరు, వాంతులు ఉంటే మందు తగిలిందన్న అనుమానం బలపడుతుంది. షుగరు లెక్క బాగున్నా, పంచదారకు తేరుకున్నట్టు కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఇన్సులిన్ వాడుతున్నాడని డాక్టరుకు చెప్పాలి, మందు డబ్బా వెంట తీసుకెళ్ళి చూపించాలి.