ముక్కు నెత్తురే కదా అనుకున్నాం

మా పెద్దమ్మకు తరచూ ముక్కు వెంట నెత్తురు కారేది. ఆమె కొడుక్కీ అంతే. "వేడి చేసింది, మజ్జిగ తాగు" అనేవారు ఇంట్లో. మూడేళ్ల క్రితం ఆ అన్నయ్యకు ఉన్నట్టుండి ఎడమచేయి పడిపోయింది. బి.పి. లేదు, షుగరు లేదు, సిగరెట్టు ముట్టి ఎరుగడు. మరి మెదడులోకి రక్తపు గడ్డ ఎలా చేరింది? పరీక్షలన్నీ అయ్యాక తేలింది, ఊపిరితిత్తుల మీదుగా అని.

గుండె కుడివైపు నుంచి చెడురక్తం ధమనుల ద్వారా ఊపిరితిత్తులకు పోతుంది. అక్కడ అతి సన్నని కేశనాళికలలో పారుతూ ప్రాణవాయువు పుచ్చుకుని, సిరల ద్వారా గుండె ఎడమవైపుకు చేరుతుంది. ఆ కేశనాళికలు జల్లెడ కూడా. చిన్న గడ్డలు, క్రిములు అక్కడే ఆగిపోతాయి. కొందరిలో ధమని నేరుగా సిరతో కలిసిపోతుంది. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే, క్లియరింగుకు పోకుండానే చెక్కు పాసైనట్టు! రక్తానికి ప్రాణవాయువు అందదు. జల్లెడ తప్పించుకున్న గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం, క్రిములు చేరితే చీముగడ్డ.

ఇలాంటి వారిలో ఎక్కువమందికి మూలం ఒక వంశపారంపర్య వ్యాధి. 1896-1907 మధ్య దాన్ని వివరించిన వైద్యుల పేర్లతో ఆస్లర్-వెబర్-రెండు వ్యాధి అంటారు. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే, ఆడైనా మగైనా, ప్రతి బిడ్డకూ సగం అవకాశం ఉంటుంది. తరచూ ముక్కు నెత్తురు, పెదవులపై, నాలుకపై, వేలికొనలపై ఎర్రచుక్కలు దీని గుర్తులు. ఊపిరితిత్తుల లోపం మాత్రం చాలామందిలో బయటపడదు. కొందరికి ఆయాసం, గోళ్లు నీలమవడం ఉంటాయి.

బుడగల ఎకో, సి.టి. స్కానుతో దీన్ని కనిపెడతారు. గజ్జల దగ్గరి సిర గుండా సన్నని గొట్టం పంపి, లోహపు చుట్టలతో ఆ అడ్డదారిని మూసేస్తారు. సాధారణంగా రొమ్ము కోయనక్కరలేదు. ఈ లోపం ఉన్నవారు పంటి చికిత్సకు ముందే డాక్టరుకు చెప్పి యాంటీబయాటిక్ తీసుకోవాలి. సెలైను గొట్టంలో గాలిబుడగ పోకూడదు. గర్భిణులకు ప్రమాదం ఎక్కువ కనుక ఆడపిల్లలకు ముందే పరీక్ష చేయించాలి.

అన్నయ్య చేయి చాలావరకు స్వాధీనంలోకి వచ్చింది. అతని రెండో అమ్మాయికీ అదే లోపం ఉందని తేలింది. పెళ్లికి ముందే చికిత్స జరిగింది. నేనూ పరీక్ష చేయించుకున్నాను, లేదన్నారు.

ముక్కు నెత్తురు వచ్చిన ప్రతివారికీ ఈ జబ్బు ఉండదు. కానీ మన కుటుంబాలు హోసూరులో ఒకరు, బరంపురంలో ఒకరు, షోలాపూరులో ఒకరుగా చెదిరిపోయాయి. ఒకరి జబ్బు మరొకరికి తెలియదు. ఈసారి పెళ్లిపందిట్లో కలిసినప్పుడు ఆ ఒక్క ప్రశ్నా అడగండి: "మీ ఇంట్లో ఎవరికైనా ముక్కు నెత్తురు వస్తుందా?"