రంగు పోయింది, విషం పోయిందా?



సంక్రాంతి సెలవులకు తండాకు వెళ్ళినప్పుడు మా అన్న ఒక మాట చెప్పాడు. అన్న మంగళగిరి వైపు ఒక అద్దకం షెడ్డులో నూలు చిలపలకు రంగు వేస్తాడు. చిలపలు కడిగిన ఎర్ర నీళ్ళు వెనకాల గుంటలోకి పోతాయి. "పది రోజులు నిలవుంటే ఎరుపంతా పోయి తేటపడతయిరా. గేదెలు గూడా తాగుతున్నయి. ఇంక భయమేంది?" అన్నాడు. నాకు సందేహం వచ్చింది. బడికి వచ్చాక సైన్సు సారును అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకున్నది రాస్తున్నాను.

పూర్వం రంగులు నీలిమందు, చిరివేరు, కరక్కాయల నుండి తీసేవారు. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ళ కుర్రవాడు మలేరియాకు క్వినైన్ చేయబోతే ఊదారంగు వచ్చింది. అలా కృత్రిమ రంగుల పరిశ్రమ మొదలైంది. నేడు వీటిలో సగానికి పైగా 'అజో' రంగులే.

అజో రంగు అణువులో రెండు నత్రజని పరమాణువులు జంటగా ఉంటాయి. దాన్ని జోడెద్దుల కాడి అనుకోండి. అటూ ఇటూ ఎద్దుల్లాగా బెంజీను వంటి వలయాలు ఉంటాయి. కాడి ఉన్నంతవరకే రంగు కనిపిస్తుంది.

గుంట అడుగున గాలి ఆడని బురదలో బాక్టీరియా ఉంటుంది. మట్టిలో ఉండే బాసిల్లస్, సూడోమోనాస్ జాతుల్లో కొన్ని ఈ పని చేయగలవు. గంజి, కుళ్ళిన ఆకులు వాటికి తిండి. ఆ తిండి తింటూ అజో రిడక్టేజ్ అనే ఎంజైముతో కాడిని విరగ్గొడతాయి. అప్పుడు రంగు పోతుంది.

కానీ మిత్రులారా, కాడి విరిగితే ఎద్దులు మాయమైనట్టా? కాదు గదా! అవి విడివిడిగా నీళ్ళలోనే ఉంటాయి. వాటి పేరు ఆరోమాటిక్ అమీనులు. వాటికి రంగు ఉండదు, కానీ కొన్ని క్యాన్సరు కలిగిస్తాయి. అందుకే 1997లో భారత ప్రభుత్వం 70 అజో రంగులను నిషేధించింది.

మరి మార్గం ఏమిటి? నీటిని రెండు తొట్లలో శుద్ధి చేయాలి. మొదటి తొట్టిలో గాలి తగలకుండా ఉంచితే కాడి విరుగుతుంది. రెండో తొట్టిలోకి గాలి ఊదాలి. అక్కడ ప్రాణవాయువుతో బ్రతికే వేరే బాక్టీరియా చాలా అమీనులను తిని, బొగ్గుపులుసు వాయువు, నీరుగా మారుస్తుంది. కొన్ని అమీనులు తొందరగా లొంగవు. కనుక చివర పరీక్ష చేయించాలి. అద్దకంలో వేసిన ఉప్పు మాత్రం బాక్టీరియా వల్ల పోదు. ఆ నీరు పొలానికి పెడితే నేల చెడుతుంది.

అన్న గుంటలో మొదటి తొట్టి పని మాత్రమే జరిగిందన్నమాట.

పోయిన ఆదివారం వార్డెన్ గారి ఫోను నుండి అన్నకు ఇదంతా చెప్పాను. గుంట చుట్టూ కంప వేయించమన్నాను. అన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గేదెల సంగతి సరేరా, మేం ఒట్టి చేతులతోనే గదా ముంచేది" అన్నాడు. రబ్బరు తొడుగులు లేకుండా తొట్టిలో చెయ్యి పెట్టవద్దని చెప్పాను. వింటాడనే అనుకుంటున్నాను.

కనుక మిత్రులారా, తేటగా ఉన్న నీరంతా మంచినీరు కాదు. మీ ఇళ్ళలో కూడా ఈ మాట చెప్పండి.

— తొమ్మిదవ తరగతి విద్యార్థి