రేవు వేరు, ఊరు వేరు

ఓడ ప్రయాణపు పట్టికలో ‘రోమ్’ అని పెద్ద అక్షరాలతో అచ్చయి ఉంటుంది. దాని క్రిందనే చిన్న అక్షరాలతో ‘చివిటవెక్కియా’ అని ఉంటుంది. టికెట్లు కొన్ననాడు మేము పెద్ద అక్షరాలనే చదివాము. ప్రయాణానికి నెల ముందు పటం పరచుకొని కూర్చున్నప్పుడు గాని తెలియలేదు: ఓడ ఆగే ఆ రేవుకూ రోమ్ నగరానికీ మధ్య 70 కిలోమీటర్లకు పైగా దూరం ఉన్నది!

క్రిందటి సంవత్సరం అక్టోబరులో మేము మధ్యధరా సముద్రంపై ఏడు రాత్రుల ప్రయాణం చేశాము. అమ్మీ, మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, దోహాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు. అమ్మీ వయస్సు 68 సంవత్సరాలు, పైగా మోకాళ్ళ నొప్పులు. బార్సిలోనాలో ఓడ ఎక్కి, మార్సెయ్, జెనోవా, చివిటవెక్కియా, పలేర్మో రేవులు చూచి, తిరిగి బార్సిలోనా చేరాము. ఓడలోని వసతులను గురించి చెప్పేవారు ఎందరో ఉన్నారు. ఓడ దిగి ఊరిలోకి ఎలా వెళ్ళాలి, వేళకు ఎలా తిరిగి రావాలి అన్నదే వృద్ధులతో, పిల్లలతో బయలుదేరే కుటుంబానికి అసలైన ప్రశ్న.

దూరం తెలుసుకోవడమే మొదటి పని

అన్ని రేవులూ ఒకే తీరుగా ఉండవు. జెనోవాలో ఓడ దిగి కొద్ది నిమిషాలు నడిస్తే రైల్వే స్టేషను వస్తుంది. నేపుల్స్‌లో రేవు ఎదుటనే పాత కోట, దాని వెనుకనే నగరం. ఇస్తాంబుల్‌లో ఓడ గలాటా తీరంలో ఆగితే, దగ్గరలోనే ట్రామ్ ఎక్కి, వంతెన దాటి సుల్తానహ్మద్ చేరవచ్చు. ఏథెన్స్ రేవైన పిరేయస్ నుండి మెట్రో రైలు నేరుగా నగరం నడిబొడ్డుకు వెళుతుంది. అయితే పట్టికలో ‘ఫ్లోరెన్స్’ అని ఉన్నచోట ఓడ ఆగేది లివోర్నోలో. అక్కడి నుండి ఫ్లోరెన్స్ సుమారు 90 కిలోమీటర్లు.

మార్సెయ్ ఈ రెండు రకాలకూ మధ్యస్థం. ఊరు పేరు ఒకటే అయినా, పెద్ద ఓడలు ఆగే చోటు నగరానికి ఉత్తరాన అనేక కిలోమీటర్ల దూరంలో ఉన్నది. గోదాముల మధ్య నుండి నడచి రావడం వృద్ధులకు సాధ్యం కాదు. మేము బస్సులో జోలియెట్ వరకు వచ్చి, అక్కడి నుండి మెట్రోలో పాత రేవు వైపు వెళ్ళాము. దానికి సమీపంలోని నొవాయ్ బజారులో ఉత్తర ఆఫ్రికా ముస్లిముల దుకాణాలు వరుసగా ఉన్నాయి. హలాల్ భోజనం కొరకు వెతకవలసిన అవసరమే కలుగలేదు.

రోమ్‌లో ఒక పగలు

చివిటవెక్కియాలో ఓడ దగ్గర నుండి రేవు ద్వారం వరకు బస్సు ఉన్నది. అక్కడి నుండి రైల్వే స్టేషను మరికొంత దూరం. రోమ్ వెళ్ళే రైలు గంట అటు ఇటుగా నగరం చేరుస్తుంది. టికెట్టు వెల ఓడవారి విహారయాత్ర రుసుముతో పోల్చితే చాలా తక్కువ. కాగితపు టికెట్టుపై రైలు ఎక్కకముందే స్టేషనులోని చిన్న యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. మరచితే జరిమానా తప్పదు.

రోమ్ వీధులలో ‘నాజోని’ అనే ఇనుప కుళాయిలు ఉంటాయి. వాటి నుండి చల్లని మంచినీరు ఎల్లవేళలా పారుతూనే ఉంటుంది. జుహర్ వేళకు వాటిలో ఒకదాని వద్ద వుజూ చేసికొని, ఒక ఉద్యానవనం మూలన శాలువా పరచి, ప్రయాణికులకు గల సౌలభ్యం మేరకు నమాజును కుదించి చేశాము. ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఓడ బయలుదేరేది సాయంత్రం 7 గంటలకు. అందరూ 6 గంటలకల్లా లోపల ఉండాలి. 4 గంటల రైలు చాలునని తమ్ముడు లెక్కవేశాడు. అమ్మీ ఒప్పుకోలేదు.

“బేటా, మా చిన్నతనంలో ఊరికి రోజుకు రెండే బస్సులు. మా అబ్బాజాన్ ఏనాడూ ఆఖరి బస్సును నమ్ముకోలేదు. మూడు గంటల రైలుకే పోదాం” అన్నారు.

పిల్లలు చిన్నబుచ్చుకున్నారు, ఇంకా చూడవలసినవి ఎన్నో ఉన్నాయి. నిజం చెప్పాలంటే మాకూ మనస్సులో విసుగు కలిగింది. అయినా ఆమె మాట కాదనలేక బయలుదేరాము.

ఆ రైలు దారి మధ్యలో నిలిచిపోయింది. పది నిమిషాలు, అరగంట, గంట గడిచాయి. ఇటాలియన్ భాషలో వచ్చిన ప్రకటనలు మాకు బోధపడలేదు. అమ్మీ తస్బీహ్ తీసి కళ్ళు మూసుకున్నారు. మా గొంతు ఎండిపోయింది. చివరకు రైలు కదిలి, మేము ఓడ ఎక్కేసరికి 5 గంటల 40 నిమిషాలు. 4 గంటల రైలును నమ్ముకొని ఉంటే మా గతి ఏమయ్యేదో చెప్పనవసరం లేదు.

7 గంటలకు పైఅంతస్తు నుండి చూస్తుండగా, మెట్లు తీసివేసిన తరువాత ఇద్దరు యువకులు రేవు గట్టుపై పరుగెత్తి వచ్చారు. ఓడ ఆగలేదు. వేలాది మంది ప్రయాణం దానిపై ఆధారపడి ఉన్నది కదా! అలా మిగిలిపోయినవారు తరువాతి రేవుకు సొంత ఖర్చుతో చేరుకోవాలి. ఓడవారు నడిపే యాత్రలో వెళ్ళి ఆలస్యమైతే బాధ్యత వారిదే. సొంతంగా వెళితే మనదే. కనుక రేవు ఊరికి దూరమై, వెంట వృద్ధులు ఉన్నప్పుడు, రుసుము ఎక్కువైనా ఓడవారి బస్సును ఎంచుకోవడం దుబారా కాదు. రేవు ఊరిలోనే ఉన్నచోట ఆ ఖర్చు అనవసరం.

వెంట ఉండవలసినవి

ఓడవారు ఇచ్చిన కార్డు లేనిదే తిరిగి లోపలికి రానివ్వరు. దానితో పాటు పాస్‌పోర్టు నకలు, రేవులోని ఓడ ప్రతినిధి ఫోను నంబరు, ఆ నాటి మందులు, ఒక నీళ్ళ సీసా ఉంచుకోవాలి. చేతి గడియారాన్ని ఓడ సమయానికి సరిచేసుకోవాలి. టాక్సీ ఎక్కేముందే వెల మాట్లాడుకోవాలి. ప్రయాణంలో తుర్కియే లేక ట్యూనీసియా కూడా ఉంటే, తిరిగి యూరప్‌లో ప్రవేశించేందుకు ఒకటికి మించిన ప్రవేశాలకు అనుమతించే షెంగెన్ వీసా తీసుకోవాలి.

పలేర్మోలో తొందర లేదు

మరునాడు పలేర్మో. ఇక్కడ రేవు నగరంలోనే ఉన్నది. క్రీ.శ. 831 నుండి 1072 వరకు ఈ నగరం ముస్లిముల పాలనలో ఉండేది. అమ్మీ అక్కడక్కడా కూర్చుంటూ, మెల్లగా నడుస్తూ ప్రధాన చర్చి వరకు వచ్చారు. ఒకప్పుడు అక్కడ మస్జిద్ ఉండేది. దాని దక్షిణ ద్వారం వద్ద ఒక స్తంభంపై ఖుర్ఆన్ వాక్యం అరబీ అక్షరాలలో చెక్కి ఉన్నది. అమ్మీ దాని ఎదుట చాలాసేపు నిలబడ్డారు. రైలు వేళ చూచుకోవలసిన పని ఆ రోజు లేదు.

తిరిగి వస్తూ చిన్నవాడు అడిగాడు: “దాదీ, నిన్న రోమ్‌లో ఇంకో గంట ఉండి ఉంటే?”

“ఆ గంట మనది కాదు బేటా, ఓడలో అందరిదీ. వేళ కూడా అమానతే” అన్నారు అమ్మీ. వాడు గడియారం చూచుకొని, ఆమె చేయి పట్టుకొని, ఆమె అడుగుకు తగినట్లు నెమ్మదిగా నడిచాడు.