బిగించక ముందే సరిచూడడం

స్టోర్స్ నుండి వచ్చిన బోల్టును యంత్రానికి బిగించే ముందు దాని వ్యాసాన్ని, మరలను గేజితో సరిచూడడం మన కర్మాగారాలలో అనాదిగా ఉన్న ఆచారం. బిగించిన తరువాత తేడా బయటపడితే నష్టం ఒక్క బోల్టుతో ఆగదు. కంప్యూటర్ ప్రోగ్రాముల రచనలోనూ ఇటువంటి గేజి ఒకటి ఉన్నది. దానిని మన పాఠకులకు పరిచయం చేయదలచినాము.

వెబ్ పరిజ్ఞానంతో నిర్మితమైన టెక్స్ట్ ఎడిటర్లు నేడు విరివిగా వాడుకలో ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ సంస్థ 2015లో వెలువరించిన విజువల్ స్టూడియో కోడ్ వాటిలో ఒకటి. 2021 నుండి ఇది నేరుగా బ్రౌజరులో కూడా పనిచేస్తున్నది. దీనికి లేని సదుపాయాన్ని ఎవరైనా 'ఎక్స్‌టెన్షన్' రూపంలో రాసి చేర్చవచ్చును. ఎడిటర్‌ను నిర్మించినవారు ఒకరు, ఎక్స్‌టెన్షన్ రాసేవారు వేరొకరు, వాడుకునేవారు మరొకరు. ఒకరికొకరు ముఖపరిచయం లేని ఈ ముగ్గురి నడుమ స్పష్టమైన ఒడంబడిక అవసరం.

నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ 1995లో రూపొందించిన జావాస్క్రిప్ట్ భాషలో, ఒక పేరు వెనుక ఉన్నది సంఖ్యయా, అక్షరమాలయా అన్న పరిశీలన ప్రోగ్రాము నడిచేటప్పుడు మాత్రమే జరుగుతుంది. ఏ వస్తువు ఏ రకానిదో ముందే ప్రకటించి, నడపడానికి ముందే సరిచూసే పద్ధతికి 'స్టాటిక్ టైపింగ్' అని పేరు. జావాస్క్రిప్టుకు ఈ సదుపాయాన్ని జోడించి మైక్రోసాఫ్ట్ 2012లో టైప్‌స్క్రిప్ట్‌ను ప్రకటించినది. పైన చెప్పిన ఎడిటర్ ఆ భాషలోనే రాయబడినది. ఎక్స్‌టెన్షన్లకు అది అందించే సదుపాయాలన్నీ రకాలతో సహా ఒక ప్రకటన ఫైలులో నమోదై ఉన్నాయి.

ఒక ఉదాహరణ చూద్దాము. 'ఇప్పుడు తెరచి ఉన్న పత్రమేది?' అని ఎక్స్‌టెన్షన్ అడిగితే, 'ఒక పత్రం ఉండవచ్చు, అసలు ఏదీ లేకపోవచ్చు' అని ఆ ప్రకటన ముందే హెచ్చరిస్తుంది. రచయిత ఎల్లప్పుడూ పత్రం తెరచి ఉంచి పరీక్షిస్తే ఈ రెండవ అవకాశం ఆయనకు తట్టదు. పత్రం లేని సమయంలో మీట నొక్కిన ఉద్యోగి ముందు ఎక్స్‌టెన్షన్ చతికిలబడుతుంది. 2016లో టైప్‌స్క్రిప్ట్ 2.0తో వచ్చిన కఠిన పరిశీలనను అమలులో ఉంచితే, ఆ రెండవ అవకాశానికి జవాబు రాసేవరకు అది దోషం చూపుతూనే ఉంటుంది.

అయితే గేజి కొలవగలిగినదే కొలుస్తుంది. టైప్‌స్క్రిప్ట్ చివరకు జావాస్క్రిప్టుగా మారేటప్పుడు రకాల ప్రకటనలు తొలగిపోతాయి. కనుక బయటి ఫైళ్ల నుండి వచ్చే సమాచారాన్ని విడిగా పరిశీలించుకోవాలి. ఎడిటర్‌లో ఒక స్థానాన్ని వరుస సంఖ్య, అక్షర సంఖ్యలతో సూచిస్తారు. రెండూ సంఖ్యలే కనుక వాటిని తారుమారుగా ఇచ్చినా అభ్యంతరం రాదు. మన తెలుగుకు మరొక చిక్కు ఉన్నది. 'క్షి' కంటికి ఒకే అక్షరం. ఎడిటర్ లెక్కలో అది క, పొల్లు, ష, గుడి అనే 4 ప్రమాణాలు. రెండింటి తరువాత కత్తిరిస్తే 'క్', 'షి' అని విడిపోతుంది. ఈ దోషాన్ని ఏ రకమూ పట్టుకోలేదు. తెలుగు పాఠంతో పరీక్షించిన వారే పట్టుకోగలరు.

కార్యాలయ అవసరాలకై చిన్న ఎక్స్‌టెన్షన్లు రాసే సోదర ఉద్యోగులకు మా విన్నపం ఒక్కటే. రాసినవారు బదిలీపై వెళ్లవచ్చు, పదవీ విరమణ చేయవచ్చు. ఆ కుర్చీలోకి వచ్చేవారికి వారు విడిచి వెళ్లే నమ్మకమైన దస్తావేజు ఈ రకాల ప్రకటనే. ఎడిటర్ కొత్త రూపంలో వచ్చి ఒడంబడిక మారినప్పుడు, సవరించవలసిన చోట్లను అదే వేలుపెట్టి చూపుతుంది. రకాలు రాయడానికి పట్టే సమయం కొద్దిపాటిది. చేతులు కాలిన తరువాత ఆకుల కోసం వెదకడం కంటే, ఆ కొద్ది సమయాన్ని ముందుగా వెచ్చించడమే శ్రేయస్కరం.